‘సూనృతవ్రతా’ అన్నది ఎవరిని? తెలుగు ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీరెవరో నాకు తెలియదు. ప్రశ్నపత్రం మీద మీ పేర్లు ఉండవు. కానీ మీరు రాసిన ఒక్క లైను ప్రశ్న మా ఇంట్లో రెండు సాయంత్రాలు మింగేసింది. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

నేను చెన్నైలో, అయనావరంలో ఉంటాను. ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఈ ఊరి ప్రెస్సుల్లో తెలుగు ప్రూఫులు దిద్దాను. రిటైరయ్యాక మిగిలిన పని ఒకటే, పొద్దుగూకాక మనవరాలి పక్కన కూర్చుని తెలుగు చదివించడం. అది తొమ్మిదో క్లాసు. వాళ్ల క్లాసులో తెలుగు తీసుకున్నవాళ్లు పదకొండు మంది. దానికి స్కూల్లో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇంట్లో మా తెలుగు. ఆ తెలుగులోనూ పావు వంతు తమిళమే అనుకోండి, మద్రాసు తెలుగు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. అలాంటి పిల్ల నన్నయ పద్యం ముందు కూర్చుని, ఒక మాట దగ్గర ఆగి, తనంతట తానే ఒక సంగతి కనిపెట్టింది. దానికి నాలుగుకి ఒక మార్కు వచ్చింది.

పోయిన మూడు మార్కుల కోసం రాస్తున్నానని అనుకోకండి. వాళ్ల టీచరమ్మ మీదా నాకు కోపం లేదు. ఆవిడ చేతిలో కీ ఉంది, కీ ప్రకారం దిద్దింది. ఆవిడ స్థానంలో నేనున్నా అంతే చేసేవాణ్ణి. ఏ స్కూలు, ఏ బోర్డు అని కూడా చెప్పను. చాలా చోట్ల ఇదే అచ్చు.

పద్యం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. భారతం ఆదిపర్వంలో శకుంతల దుష్యంతుడితో చెప్పేది. నూరు నూతుల కంటే ఒక దిగుడు బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, అలాంటి కొడుకులు నూరుమంది కంటే ఒక్క నిజమైన మాట మేలు. క్వార్టర్లీలో మీరిచ్చిన ప్రశ్న: ‘ఈ పద్యం ద్వారా కవి ఇచ్చిన సందేశమేమి?’ కీలో ఉన్న జవాబు: సత్యం అన్నిటికన్నా గొప్పది, కావున మనం ఎల్లప్పుడూ సత్యమునే పలకవలెను.

మా పిల్ల రాసింది ఇది: ‘ఈ మాటలు కవి మనతో చెప్పడం లేదు. శకుంతల రాజుతో చెబుతోంది. రాజు అబద్ధం ఆడుతున్నాడని ఆమెకి తెలుసు. అందుకే అతన్ని సూనృతవ్రతా అని పిలిచింది. అది పొగడ్త కాదు. కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు కాబట్టి కొడుకు గురించి కూడా చెప్పింది.’ కింద ఎర్ర సిరాతో ‘సందేశం రాయలేదు’ అని ఉంది.

అది ఆ జవాబు దగ్గరికి ఎలా వచ్చిందో చెబుతాను, వినండి. ‘సూనృతవ్రత’ అన్న మాటకి ప్రతిపదార్థంలో ‘సత్యమే వ్రతముగా గల ఓ రాజా’ అని రాసుకుని అందరం ముందుకెళ్లిపోతాం. ఇది వెళ్లలేదు. “తాతయ్యా, వాడు అబద్ధం ఆడుతున్నాడు కదా. మరి నిజం చెప్పడమే వ్రతంగా పెట్టుకున్నవాడా అంటుందేంటి? ఈవిడకి తెలీదా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ పద్యాన్ని నా జన్మలో ఎన్నిసార్లు ప్రూఫు చూశానో! అరసున్నలన్నీ సరిచూశాను. ఆ పిలుపు దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

ఆ రోజు నేను కాఫీ పొడి తెస్తానని వెళ్లి, పాత ప్రెస్సు మిత్రుడు కనిపిస్తే మాటల్లో పడి, గంటన్నరకి ఇల్లు చేరాను. పొడి తేవడం మాత్రం మరిచిపోయాను. గుమ్మంలోనే వాళ్ల అమ్మమ్మ “రండి మహానుభావా” అంది. పిల్ల అది గుర్తు తెచ్చుకుంది. వంటింటి వైపు ఒకసారి చూసి, నా మొహం చూసి, “అమ్మమ్మ నిన్ను మహానుభావా అన్నట్టా?” అంది.

అలాగే మరి. అంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు తట్టదు. నిండు సభలో ఒక ఆడమనిషి, పక్కన కొడుకు, ఎదురుగా ‘నువ్వెవరో నాకు తెలీదు’ అంటున్న మొగుడు. అరిచి తిట్టే చోటు కాదది. అందుకని పిలుపులో దాచింది. కొడుకుని లెక్కలో ఎందుకు పెట్టిందన్నది కూడా పిల్ల తనే పట్టుకుంది. బావులు, యజ్ఞాలు రాజులు చేసే పుణ్యకార్యాలు, అవి నీ దగ్గర చాలా ఉన్నాయి. వాటికి నూరింతలైనవాడు ఇదిగో, నీ ఎదుట నిలబడ్డాడు. వాడు కూడా నీకు అక్కర్లేదంటే, కనీసం ఇచ్చిన మాటైనా నిలుపుకో అని. పద్యంలో మెట్లు ఉత్తినే లేవు. ఒక్కో మెట్టూ దుష్యంతుడి మీదికి ఎక్కుతోంది.

ఇందులో దుష్యంతుడు మతిమరుపు మనిషి కాడు. ఉంగరం పోవడం, దుర్వాసుడి శాపం కాళిదాసు నాటకంలో ఉన్నవి. అక్కడ రాజు నిజంగానే మరిచిపోతాడు, కాబట్టి అతని మీద మనకి జాలి. నన్నయ భారతంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. ఇతనికి అంతా గుర్తుంది. తెలిసీ తెలియనట్టు మాట్లాడుతున్నావేమని శకుంతల మొహం మీదే అడుగుతుంది. చివరికి ఆకాశవాణి పలికాక తనే ఒప్పుకుంటాడు, మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియని సంగతి కాబట్టి లోకం ఏమంటుందోనని ఎరగనన్నానని. పేరు ఒకటే, మనిషి వేరు. ఈ తేడా తెలియకుండా ఆ పద్యం అర్థం కాదు.

ఇప్పుడు అసలు చోద్యం వినండి. అదే క్లాసులో ఒక అబ్బాయి ‘శాపం వల్ల రాజు మరచిపోయెను, చివరికి సత్యమే గెలిచెను, కావున మనం సత్యమునే పలకవలెను’ అని రాశాడు. నాలుగుకి మూడున్నర. వాడి తప్పేం లేదు, సినిమాల పుణ్యమా అని శాపం అందరికీ తెలుసు. కానీ పద్యంలో లేని శాపం రాస్తే మార్కులు పడ్డాయి, పద్యంలో ఉన్న మాట చూపిస్తే పోయాయి. ‘సత్యం’ అనే మాట కీలో ఉంది, వాడి జవాబులోనూ ఉంది. రెండూ కలిశాయి, టిక్కు పడింది.

ఈ టిక్కు సంగతి నాకు బాగా తెలుసు, నా బతుకంతా అదే పని. సీసం అక్షరాల రోజుల్లో ప్రూఫు ఇద్దరం చూసేవాళ్లం. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు గాలీ ప్రూఫు మీద వేలు పెట్టి అనుసరించాలి. కామా, ఫుల్‌స్టాపు కూడా పైకి చదవాలి. ‘అమ్మా కామా నేను వెళ్లిపోతున్నాను ఫుల్‌స్టాప్’ అని ఒకడు రాగం లేకుండా చదువుతుంటే, అక్కడ కథలో కూతురు ఇల్లు విడిచి పోతోందన్న సంగతి ఎవడికి పడుతుంది? నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు, కథలో పడకు అని. కథలో పడ్డావా, కళ్లు ముందుకు పరిగెత్తుతాయి, ‘ల’కి ‘ళ’ పడినా కనపడదు. అది నిజమే. ఎప్పుడైనా కథలో పడిన రోజు మర్నాడు ఫోర్‌మన్ చేత చీవాట్లు తినేవాణ్ణి. అలా ఎన్ని వేల పేజీలు చదివానో. ఒక్క మనిషి కూడా ఆ పేజీల్లోంచి లేచి నాతో మాట్లాడలేదు. జీతం తీసుకుని చేసే పని కాబట్టి నాకు అది చెల్లింది. మీరు పద్నాలుగేళ్ల పిల్లల చేత జీతం లేకుండా అదే చేయిస్తున్నారు.

రిటైరయ్యాక మొదట నిదానంగా చదివిన కథ గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’. దిద్దేవాణ్ణి కదా, పేరు చూసి తీశాను. 1910లో వచ్చింది. తొలి తెలుగు కథ అదేనా కాదా అని వాదించేవాళ్లున్నారు. భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ 1902 నాటిది మరి. మీరు ఆ ‘తొలి కథ ఏది’ని ఒక మార్కు బిట్టుగా ఇస్తూనే ఉంటారు, అది వేరే సంగతి. పోయిన వేసవిలో మా పిల్లా, పక్క పోర్షను పిల్లలిద్దరూ మా మేడ మీద కూర్చుని ఆ కథ చదివారు.

గోపాలరావు చదువుకున్నవాడు, సంస్కారాల గురించి మాట్లాడేవాడు. సానిదాని పాట విని రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తాడు. ఇంట్లో భార్య కమలిని కనపడదు. ఆ కోపంలో నౌకరు రాముడి వీపు మీద ఒక్కటి గుద్దుతాడు. వాడు కూలబడతాడు. సరిగ్గా అక్కడ రచయిత ఒక మాటంటాడు, గోపాలరావు కనికరం గలవాడని. ఆ వెంటనే గోపాలరావు రాముణ్ణి లేపి వీపు నిమురుతాడు.

పక్కింటి చిన్నవాడు “కొట్టాడు కదా, కనికరం ఏంటి?” అన్నాడు. వాళ్లక్క “తర్వాత నిమిరాడు కదా” అంది. మా పిల్ల “కొట్టేసి నిమిరేవాళ్లు తమని తాము మంచివాళ్లమే అనుకుంటారు, ఆ మాట గోపాలరావు అనుకుంటున్నదేమో, రాసినాయన దాన్ని అలాగే పెట్టాడేమో” అంది. ముగ్గురూ అరగంట పోట్లాడుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు. అయితే ఇదే మీ పరీక్షలో ‘గోపాలరావు స్వభావాన్ని వివరించండి’ అని వచ్చిందనుకోండి, కీలో మొదటి పాయింటు ఏముంటుందో నేను చూడకుండానే చెప్పగలను. ‘కనికరము గలవాడు’. పాఠంలో ఆ మాట అక్షరాలా ఉంది మరి!

రాముడి సంగతి ఇంకా తమాషా. భార్య అంటే ఎంత గొప్పదో గోపాలరావు రాముడికి ఉపన్యాసమిస్తాడు. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చేశాడంటాడు. రాముడికి నవ్వు ఆగదు. మొదటిసారి చదివినప్పుడు, పాపం వాడికి ఈ పెద్ద మాటలు అర్థం కాక నవ్వొస్తోంది అనుకుంటాం. కథ చివర మంచం కింద నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. అప్పుడు పిల్లలు గబగబా పేజీలు వెనక్కి తిప్పారు. “అంటే రాముడికి ముందే తెలుసా?” తెలుసనే చోటు ఎక్కడో, తెలియదనే చోటు ఎక్కడో వేలు పెట్టి చూపించమన్నాను. ఆ సాయంత్రం ఎవరూ సెల్లు ముట్టుకోలేదు.

పాత్ర స్వభావం అని మీరడిగే ప్రశ్నకి గైడుల్లో ఉండే జవాబులు చూస్తే నాకు పెళ్లిసంబంధాల బయోడేటా గుర్తొస్తుంది. వినయశీలి, సత్యసంధురాలు, ధైర్యవంతురాలు, పెద్దల యెడ గౌరవము గలది. ఏ కథలో ఏ మనిషికైనా అతికించొచ్చు. అప్పారావుగారి నాటకం ‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని ఇలా ఏం రాస్తారు? ‘మోసగాడు’ అని రాసి ఊరుకుంటే, అంత మోసగాడి మాటలు నోరారా చెప్పుకుని మనమెందుకు ఇన్నేళ్లుగా నవ్వుతున్నామో ఎవరు చెబుతారు? సందేశమే ముఖ్యమైతే అప్పారావుగారికి 1897 నాటి ‘కన్యాశుల్కం’ ముందుమాట చాలేది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో లెక్కకొచ్చిన శుల్కం పెళ్లిళ్లు 1034 అని అందులో అంకెతో సహా చెప్పాడు. ఆ అంకె దగ్గర ఆగకుండా నాటకం రాశాడు, 1909లో దాన్ని మళ్లీ పెంచి రాశాడు. అందులో మధురవాణి ఇంకా పెరిగింది. వేశ్య అని నలుగురూ తీసిపారేసే మనిషి. ఆవిడ్ని మీ నాలుగు పాయింట్లలో ఎక్కడ సర్దుతారు?

మీ కష్టం నాకు తెలియక కాదు. కట్టలు కట్టలు పేపర్లు, దిద్దే టీచర్లు రకరకాలు, కీ లేకపోతే ఒకే జవాబుకి ఒక చోట నాలుగు, ఇంకో చోట సున్నా పడుతుంది. పిల్లలు ఏది రాసినా రైటే అనమని నేను అడగడం లేదు. శాపం రాసినవాడిది తప్పే, ఆ పాఠంలో శాపం లేదు కాబట్టి. శకుంతల సరదాగా అంటోందని ఎవడైనా రాస్తే ‘ఎక్కడుంది చూపించు’ అనాలి. చూపించలేకపోతే సున్నా వేయండి. చూపించినవాడికి వేయకపోవడమే నాకు మింగుడుపడటం లేదు.

దీనికి కొత్త పద్ధతి ఏదీ తేనక్కర్లేదు. మా రోజుల్లో ‘సందర్భసహిత వ్యాఖ్య’ అని ఉండేది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నారో రాయాలి. మీ పేపర్లో ఇప్పటికీ దాని ముక్క ఒకటి మిగిలే ఉంది. మా పిల్ల పేపరే తీసి చూశాను. మొదటి పేజీలో బిట్టు: ‘నుతజల పూరితంబులగు’ అని ఎవరు ఎవరితో అన్నారు? శకుంతల, దుష్యంతుడితో. టిక్కు, ఒక మార్కు. మూడో పేజీకి వచ్చేసరికి అవే మాటలు ‘కవి సందేశం’ అయిపోయాయి. మొదటి పేజీలో ఉన్న ఆ ఇద్దరు మనుషులు మూడో పేజీకి ఎక్కడికి పోయారండీ? మా పిల్ల చేసిన నేరమల్లా మొదటి పేజీలో రాసింది మూడో పేజీలో మరిచిపోకపోవడం.

కాబట్టి నేను అడిగేది చిన్నది. కీ అడుగున ఒక్క లైను చేర్చండి: పాఠంలోని మాటను చూపి విద్యార్థి వేరే అర్థం రాస్తే, ఆ మాట దానికి నిలబడితే, పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. ‘కవి సందేశం’ అడగాలనుకున్న ప్రతిసారీ, ఆ మాటలు నిజంగా కవి అన్నవా, పాత్ర అన్నవా అని ఒకసారి చూసుకోండి. వేమన పద్యానికి సందేశం అడగండి, ఎవరూ కాదనరు. ఆయన మనతోనే మాట్లాడాడు. శకుంతల మనతో మాట్లాడటం లేదు. ఆవిడకి ఆ పూట మన నీతి కంటే పెద్ద పని ఉంది.

టీచర్లకి కూడా ఇది సుఖమే అనుకుంటాను. ఒకే వాక్యం పదకొండు పేపర్లలో పదకొండుసార్లు చదవడం ఎంత నరకమో ప్రూఫులు దిద్దినవాణ్ణి, నాకు తెలుసు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. హాఫ్ ఇయర్లీకి ఇంక మూడు వారాలుంది. మొన్న రాత్రి పిల్ల పుస్తకం మూసి, “తాతయ్యా, ఆ పద్యం మళ్లీ వస్తే ఏది రాయను? నాదా, గైడుదా?” అని అడిగింది. వాళ్లమ్మ పక్కనే ఉంది. వచ్చే ఏడు టెన్త్, మార్కుల టెన్షన్ అప్పుడే ఇంట్లోకి వచ్చేసింది. నేను గొంతు సవరించుకుని, “నువ్వు రాసిందే కరెక్టమ్మా, నాకు తెలుసు. కానీ పరీక్షలో మాత్రం గైడులో ఉన్నది రాసెయ్యి. దిద్దేవాళ్లు ఏమనుకుంటారో” అన్నాను.

అది కాసేపు నా వైపే చూసింది. “దుష్యంతుడు కూడా ఇదే కదా తాతయ్యా చెప్పాడు, చివర్లో” అంది.

ఇట్లు,
ఒక పాత ప్రూఫ్ రీడర్,
అయనావరం, చెన్నై.